శివారు ఊరికి చేరని పుట

పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడు దినమున తెలుగునాట ప్రతి గ్రామమునను ఒకే దృశ్యము కనబడును. ఒక సెల్‌ఫోను చుట్టును నలుగురైదుగురు పిల్లలు, వారి వెనుక ఒకరిద్దరు తల్లిదండ్రులు. హాల్‌టికెట్టు సంఖ్యను నింపి మీట నొక్కిన పిదప తెరపై చిన్న చక్రమొకటి గిరగిర తిరుగుట ప్రారంభించును. అది తిరుగుచునే యుండును. ఆ పిల్లవానికి కావలసినదెల్ల తన పేరు, ఆరు సబ్జెక్టుల మార్కులు, ఉత్తీర్ణుడైనదియు లేనిదియు తెలుపు ఒక్క మాట. పోస్టుకార్డుపై వ్రాసినను సగము చోటు మిగులునంతటి సమాచారము. దానికై నిమిషముల కొలది నిరీక్షణము. తుదకు ఎవరో ఒకరు “నెట్టు స్లోగా ఉందిరా” అని ఫోనును జేబులో వేసికొని మండల కేంద్రమునకు బయలుదేరుదురు.

“నెట్టు స్లో” అను మాట ‘వాన వచ్చినది’ అనునంత సహజముగా వాడుకలో కుదిరిపోయినది. ఆకాశము మబ్బు పట్టినట్లే నెట్టును మందగించినదని జనులు భావింతురు. వానకు ఎవరును బాధ్యులు కారు గదా! కాని ఈ జాప్యమునందు ప్రకృతి వంతు కొంత, మనుష్యుల వంతు కొంత కలదు. ఫలితముల నాటి ఉదయమున లక్షలమంది ఒకేసారి వచ్చి పడుటచే సర్వరు ఉక్కిరిబిక్కిరి యగుట వేరు సంగతి. అది రైలు టిక్కెట్ల కిటికీ ముందు నిలిచిన బారు వంటిది. పూట గడచిన తగ్గిపోవును. సంవత్సరమున తక్కిన దినములన్నింటను ఉండు జాప్యమే ఆలోచింపదగినది. అందు ప్రకృతి విధించినది స్వల్పము, పుటలను నిర్మించువారు చేర్చినది అధికము. చేర్చినవారు సాధారణముగా దాని ననుభవింపరు. అనుభవించువారు దాని కారణము నెరుగరు.

మొదట ప్రకృతి వంతు. అమెరికా నౌకాదళమున అధికారిణిగా పనిచేసిన గణితశాస్త్రజ్ఞురాలు గ్రేస్ హాపర్ తన ఉపన్యాసములకు వచ్చినవారికి సుమారు ముప్పది సెంటీమీటర్ల పొడవుగల తీగముక్కలను పంచిపెట్టుచుండెడిది. సెకండులో నూరు కోట్లవ వంతు కాలమున, అనగా ఒక నానోసెకండులో, కాంతి పోగల దూరమది. ఉపగ్రహము ద్వారా వార్త పంపుటకు అంత సేపేల పట్టునని అడుగు సేనాధిపతులకు, ఇచటికిని అచటికిని నడుమ ఇట్టి తీగముక్కలు లెక్కకు మిక్కిలిగా పట్టునని ఆమె సమాధానము. ఉపాధ్యాయులు ఈ పాఠమునకై తీగలు కత్తిరింప నక్కరలేదు. ముప్పది సెంటీమీటర్ల కొలబద్ద ప్రతి విద్యార్థి సంచిలోను ఉండనే యున్నది. నానోసెకండు పొడవు దానితో చూపవచ్చును.

శూన్యమున కాంతి సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సముద్రగర్భమున పరచిన కేబుళ్లలోని గాజుపోగులలో ఆ వేగము మూడింట రెండు వంతులకు తగ్గి సుమారు 2 లక్షల కిలోమీటర్లగును. ప్రపంచమునందలి సర్వరులు పెక్కు నెలకొనియున్న తావులలో అమెరికాలోని ఉత్తర వర్జీనియా ఒకటి. హైదరాబాదునుండి అచటికి భూగోళముపై తిన్నని గీత గీచినచో సుమారు 13,000 కిలోమీటర్లు. పోవుటకు 65 మిల్లీసెకండ్లు, వచ్చుటకు 65; వెరసి 130 మిల్లీసెకండ్లు. ఎంత ధనము కుమ్మరించినను గాజుపోగులలో ఇంతకన్న తగ్గదు. కాని కేబుళ్లు తిన్నని గీత వెంబడి పోవు. హైదరాబాదునుండి ముంబాయికో, చెన్నైకో నేలమీదుగా పోయి, అచట సముద్రమున దిగి, ఖండములను చుట్టి, నడుమ ఎన్నియో రౌటరుల వద్ద ఆగి పోవలసియుండుటచే వాస్తవమున ఈ రాకపోకలకు 200 మిల్లీసెకండ్లకు పైగా పట్టును. 2008 జనవరి 30వ తేదీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున రెండు కేబుళ్లు తెగినపుడు భారతదేశపు వార్తాప్రవాహము చుట్టుదారులు పట్టవలసివచ్చెను. ఎక్కడో మధ్యధరా సముద్రమున తెగిన తీగకు ఇచటి కార్యాలయములలో పుటలు తెరచుకొనుట మానినవి.

దూరము కొన్నిసార్లు భూగోళము విధించినది కాక మనుష్యులు కల్పించుకొనినది. దేశములోని వేర్వేరు ఇంటర్నెట్టు కంపెనీలు తమ మార్గములను ఇచటనే కలుపుకొనక పోవుటచే, ఒక వీధిలోని ఇంటినుండి ప్రక్క వీధిలోని ఇంటికి పోవు సందేశము విదేశములకు పోయి తిరిగివచ్చుట ఒకప్పుడు కలదు. ఈ వింతను తొలగించుటకై 2003లో నిక్సీ యను జాతీయ వినిమయ సంస్థ ఏర్పడెను. గుంటూరునుండి విజయవాడకు అమెరికా మీదుగా పోవుట ఎట్టి ప్రయాణమో తెలుగు పాఠకునకు వేరుగా వివరింప నక్కరలేదు.

ఆకాశమార్గ మింకను దీర్ఘమైనది. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమితోపాటు తిరుగు ఉపగ్రహము వరకు ప్రశ్న పోయి దిగి, సమాధానము మరల పైకి పోయి దిగుటకు దాదాపు అర సెకండు కావలెను. 2004 సెప్టెంబరు 20వ తేదీన విద్యాబోధనకై ప్రత్యేకముగా మన దేశము ప్రయోగించిన ఎడ్యుశాటు ఆ ఎత్తునుండియే పాఠములను ప్రసరించెను. పాఠము వినువానికి ఈ అర సెకండు లెక్కలోనిది కాదు. ఉపాధ్యాయుని కంఠము అర సెకండు ఆలస్యముగా వచ్చినను పాఠము చెడదు. చిక్కంతయు ప్రశ్న వేసినపుడే. ఇచట ఒక భేదమును గమనింపవలెను. వినుటకు జాప్యము అడ్డు కాదు; మాటలాడుటకు అడ్డు. వెబ్‌పుటను తెరచుట పైకి చదువుటవలె కనబడినను లోపల జరుగునది సంభాషణమే.

ఈ సంభాషణ మెట్టిదో తెలిసికొనకపోవుటచేతనే ‘మెగాబిట్లు’ అను మాటకు జనులు మోసపోవుచున్నారు. ఇన్ని మెగాబిట్లు, అన్ని మెగాబిట్లు అని కంపెనీలు ప్రకటించునది దారి వెడల్పు. దారి పొడవును గూర్చి ప్రకటనలలో చెప్పువారు లేరు. నాలుగు బండ్లు ప్రక్కప్రక్కన పోగల బాట వేసినంత మాత్రమున ఊరు దగ్గరకు జరుగదు.

పెండ్లిండ్ల పేరయ్యను తలచుకొనిన ఈ సంగతి సులభముగా బోధపడును. శ్రీకాకుళమున వరుడు, అనంతపురమున వధువు, నడుమ పేరయ్య. మొదట ఆ వధువు ఇల్లెక్కడనో కనుగొని రావలెను. రెండవ ప్రయాణమున పోయి “మాటలాడవచ్చునా?” అని అడిగి, “మాటలాడవచ్చును” అను జవాబు తేవలెను. మూడవ ప్రయాణమున, వచ్చినవాడు నిజముగా పేరయ్యయేనా, ఇల్లు నిజముగా ఆ ఇల్లేనా అని ఉభయులును నమ్మకము కలిగించుకొనవలెను. అసలు మాట నాలుగవ ప్రయాణమున గాని రాదు. బ్రౌజరు చేయునది అక్షరాల ఇదియే. సైటు పేరునుబట్టి చిరునామా వెదకుట ఒకటి, సర్వరుతో సంబంధము కుదుర్చుకొనుట ఒకటి, రహస్యలిపికై తాళపుచెవులు మార్చుకొనుట మరియొకటి, పిమ్మట పుటను కోరుట. ప్రతి పర్యాయమునకు 250 మిల్లీసెకండ్లు చొప్పున ఒక సెకండు గడచిన తరువాత గాని పుటలోని మొదటి అక్షరము బయలుదేరి రాదు. చిరునామా సాధారణముగా దగ్గరనే దొరకుటచే మొదటి ప్రయాణము కొంత చిన్నదే. తాళపుచెవుల మార్పునకు పూర్వము రెండు ప్రయాణములు పట్టెడివి; 2018లో వచ్చిన క్రొత్త పద్ధతి దానిని ఒకటికి తగ్గించినది. ఇంజనీర్లు పదేండ్లపాటు కృషి చేయుట ఈ ఒక్కొక్క ప్రయాణమును తగ్గించుటకేనని తెలిసినచో దాని విలువ ఎంతటిదో ఊహింపవచ్చును.

మొదటి అక్షరము వచ్చిన తరువాత తక్కినదంతయు ఒక్కుమ్మడిగా వచ్చి పడునా? పడదు. దీనికి వెనుక చక్కని చరిత్ర కలదు. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, దాని సమీపముననే యున్న విశ్వవిద్యాలయమునకును మధ్య సమాచార ప్రవాహము సెకండునకు 32 వేల బిట్లనుండి 40 బిట్లకు పడిపోయెను. రెండింటికిని దూరము నాలుగువందల గజములు. నడచిపోయి చేతికిచ్చి వచ్చిన అంతకన్న త్వరగా ముగిసియుండును! కారణమేమనగా, దారి ఇరుకైనపుడు ప్రతి యంత్రమును తన ప్యాకెట్టు పోలేదని మరల మరల పంపుటచే దారి మరింత క్రిక్కిరిసిపోయెను. వాన్ జేకబ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించి 1988లో ఒక మర్యాదను ఏర్పరచెను: మొదట కొలదిగా పంపుము, అవి చేరినట్లు కబురు వచ్చిన పిదప రెట్టింపు పంపుము, కబురు రానిచో వెనుకకు తగ్గుము. నేటికిని ప్రపంచపు ఇంటర్నెట్టు నిలిచియుండుటకు ఈ మర్యాద ముఖ్యకారణము. 2013 నాటి సూచన ప్రకారము మొదటి విడతలో పది ప్యాకెట్లు, అనగా సుమారు 14 కిలోబైట్లు పోవచ్చును. తరువాత ఇరువది, నలువది, ఎనుబది. రెండు మెగాబైట్ల పుట ఒకే సంబంధము ద్వారా రావలసియున్నచో ఈ లెక్కన ఎనిమిది విడతలు పట్టును. విడతకు 250 మిల్లీసెకండ్లైన మరి రెండు సెకండ్లు. దారి యెంత వెడల్పైనను ఈ రెండు సెకండ్లు తగ్గవు. పుట బరువు తగ్గినచో తగ్గును.

ఒకటి రెండు సెకండ్లకు ఇంత చర్చ యేల యని సందేహము కలుగవచ్చును. పొలమునకు నీటి వంతు వచ్చువరకు రాత్రియెల్ల కాలువగట్టున కూర్చుండు రైతులున్న దేశమున సెకండ్లను లెక్కించుట చాదస్తముగా తోచును. కాని మనస్సు కాలమును కొలుచు తీరు వేరు. మనుష్యుడును కంప్యూటరును జరుపు సంభాషణమునందు జవాబు ఎంతలో రావలెనో 1968లోనే రాబర్ట్ మిల్లర్ విచారించెను. 1993లో జేకబ్ నీల్సన్ దానిని మూడు హద్దులుగా స్థిరపరచెను. సెకండులో పదవ వంతులోపల ఫలము కనబడినచో పని తన చేతితోనే జరిగినట్లు తోచును. ఒక సెకండు వరకు జాప్యము తెలియును గాని ఆలోచనా సూత్రము తెగదు. పది సెకండ్లు దాటినచో మనస్సు వేరొకదానిపైకి పోవును. పాఠము చెప్పువారికి ఈ హద్దులు అనుభవసిద్ధములే. ప్రశ్న అడిగిన పిల్లవానికి ఉపాధ్యాయుడు పది సెకండ్లు బదులు చెప్పక గోడవైపు చూచుచు నిలిచినచో ఆ పిల్లవాడేమగునో వారికి తెలియును.

నిరీక్షణమునకు పొడవుతోపాటు స్వభావమును కలదు. 1985లో డేవిడ్ మైస్టర్ బారులలో నిలుచువారి మనస్తత్వమును గూర్చి వ్రాయుచు, ఎంతసేపో తెలియని నిరీక్షణము తెలిసిన నిరీక్షణముకన్న దీర్ఘముగా తోచుననియు, కారణము తెలియనిది తెలిసినదానికన్న దీర్ఘముగా తోచుననియు చూపెను. అదే సంవత్సరమున బ్రాడ్ మయర్స్ అను పరిశోధకుడు, పని ఎంతవరకు జరిగినదో చూపు పట్టీ తెరపై ఉన్నచో జనులకు ఊరట కలుగునని తేల్చెను. నలువది సంవత్సరములు గడచినవి. నేటికిని పెక్కు పుటలలో కనబడునది ఆ గిరగిర తిరుగు చక్రమే. అది పని జరుగుచున్నపుడును తిరుగును, పని ఆగిపోయినపుడును తిరుగును. ఎంత జరిగినదో చెప్పదు, ఎంత మిగిలినదో చెప్పదు. గానుగెద్దునకైనను నూనె దిగుచున్నది లేనిది చూచుటకు యజమాని ఒకడుండును.

ఇందువలన కలుగు నష్టములు తేలికైనవి కావు. కళాశాలలో సీటుకొరకు దరఖాస్తు నింపిన బాలిక చివరి మీట నొక్కినది, ఏమియు జరుగలేదు, మరల నొక్కినది. రుసుము రెండుమారులు పోయినది. ఇంకొక పుటలో అక్షరములు ముందు వచ్చినవి. చదువరి వ్రేలు ఒక పంక్తిపై ఆనించుచుండగా ఆలస్యముగా వచ్చిన ప్రకటనబొమ్మ పైనుండి దూరి పుటనంతయు క్రిందికి నెట్టినది. వ్రేలు పడినది ప్రకటనమీద. ఇట్టివాటిలో పదుగురు తొమ్మండుగురు యంత్రమును నిందింపరు, తమ్మును నిందించుకొందురు. “నాకు ఇవి చేతకావు” అని పెద్దలు ఫోనును పిల్లల కిచ్చివేయుదురు. నేర్చుకొనవలెనను ఉత్సాహముతో వచ్చిన మనస్సు ఇట్లు వెనుకకు తగ్గుటయే ఈ జాప్యమునందలి అసలు నష్టము. దానిని మిల్లీసెకండ్లలో వ్రాయుటకు వీలులేదు.

వర్తకులు మాత్రము తమ నష్టమును నిక్కముగా లెక్కించుకొనిరి. 2009లో గూగుల్ కంపెనీ తన శోధన పుటను కొందరికి కావలెననియే 100 మొదలు 400 మిల్లీసెకండ్ల వరకు ఆలస్యముగా చూపి ఫలితమును ప్రకటించెను. వారు వెదకుట నూటికి 0.2 మొదలు 0.6 వంతుల వరకు తగ్గెను. ఆలస్యమును తొలగించిన తరువాతను కొన్ని వారములవరకు వారి వెదకులాట పూర్వపు స్థితికి రాలేదు. తమకు కారణము తెలియకయే వారు విసిగిరన్న మాట. ఈ లెక్కలు విలువైనవే. అయినను ఇవి ఉండి విసిగినవారి లెక్కలు. అసలు లోపలికి రాలేకపోయినవారి లెక్క ఇందులో లేదు.

ఆ లెక్క ఒకసారి మాత్రము విచిత్రముగా బయటపడినది. యూట్యూబులో ఇంజనీరుగా పనిచేసిన క్రిస్ జకరయాస్ ఆ వృత్తాంతమును 2012లో వెల్లడించెను. వీడియో చూపు పుట అప్పటికి 1.2 మెగాబైట్ల బరువు పెరిగియుండెను. దానిని నూరు కిలోబైట్లలోపల ఇమిడ్చి తీరవలెనని అతడు పట్టుపట్టి, ఉండదగినవనుకొనిన అలంకారముల నెన్నింటినో తీసివేసి సాధించెను. ఆ తేలిక పుటకు ఈక యను అర్థముగల పేరు పెట్టిరి. పన్నెండవ వంతు బరువునకు దిగిన పుట పూర్వముకన్న త్వరగా తెరచుకొనవలెను గదా! వారముపాటు అంకెలు సేకరించి చూడగా సగటు కాలము తగ్గుటకు మారుగా పెరిగినది. అతడు దిగ్భ్రమ చెంది, శ్రమ వృథా యయ్యెనని వదలివేయబోవు సమయమున సహోద్యోగి యొకడు ఆ అంకెలను దేశములవారీగా విడదీసి చూచెను. ఆగ్నేయాసియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, సైబీరియా ప్రాంతములనుండి పూర్వము దాదాపు రానేరానివారు ఇప్పుడు వచ్చుచున్నారు. పాత పుట తెరచుకొనుటకు వారికి ఇరువది నిమిషములు పట్టెడిది. కావున వారు తెరచుటయే మానియుండిరి. క్రొత్త పుటకు రెండు నిమిషములు. రెండు నిమిషములు వేచి వీడియో చూచుట వారికి సాధ్యమైనది, చూచిరి. వారి రెండు నిమిషములును కలియుటచే సగటు పెరిగెను.

ఈ వృత్తాంతమును గణితోపాధ్యాయులు సగటును గూర్చిన పాఠమున చెప్పదగును. కష్టపడినవారు లెక్కకు రానంతకాలము సగటు అందముగానే యుండెను. వారు రాగానే చెడినట్లు కనబడెను. గోదావరి డెల్టా రైతులకు ఇట్టి సగటు క్రొత్త కాదు. ధవళేశ్వరమున తలుపులు ఎత్తినారు, కాలువలో ఇంత నీరు విడిచినారు అని పత్రికలలో వచ్చును. ఆ నీరు శివారు ఆయకట్టునకు చేరినదో లేదో ఆ అంకె చెప్పదు. నీరందక నాటు వేయనే వేయని శివారు రైతు దిగుబడి సగటును చెడగొట్టడు. అతడు లెక్కలోనే యుండడు. వెబ్‌పుటలకును శివారు గ్రామములు కలవు. 2020 మార్చి పిదప పాఠశాలలు మూతపడిన కాలమున మేడలమీదికిని మిట్టలమీదికిని ఎక్కి సిగ్నలు వెదకుకొనిన పిల్లలు ఆ శివారువారే. పాఠము తెరచుకొనని పిల్లవాడు హాజరు కానివానిగనే లెక్కింపబడెను.

పుట బరువునకు కారణము చదువదగిన వ్రాత కాదు. కంప్యూటరులలో వాడుకలోనున్న సంకేతపద్ధతి ప్రకారము ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలగా తెలుగు అక్షరమునకు మూడు బైట్లు కావలెను. గుణింతపు గుర్తునకు మరి మూడు. ఈ మాట విని తెలుగు బరువైన భాష యని ఎవరును బెంగపడ నక్కరలేదు. ఇట్టి సుదీర్ఘ వ్యాసమంతయు కలిసి ఆరేడు పదుల కిలోబైట్లకు మించదు. కుదించి పంపినచో ఇంకను చిన్నది. నేటి సాధారణ వెబ్‌పుట బరువు రెండు మెగాబైట్లు దాటినది, అనగా అట్టి వ్యాసములు ముప్పదింటికి సమానము. తక్కినది బొమ్మలు, ప్రకటనలు, చదువరి ఎవరో, ఎచటనుండి వచ్చినాడో కనిపెట్టుచుండు గూఢచారి లిపులు, తెర మెరయుటకై చేర్చిన కదలికలు. వీనిలో పెక్కు వేర్వేరు సర్వరులనుండి రావలసియుండుటచే ప్రతిదానికిని పేరయ్య మరల ప్రయాణము కట్టవలసియుండును. తెలుగు పుటలకు అదనముగా అచ్చుముద్దుల బరువొకటి కలదు. ఒత్తులు, గుణింతములు, సంయుక్తాక్షరములు కలిగిన మన లిపికి వందలకొలది రూపములు కావలెను; కావున తెలుగు ఫాంటు ఆంగ్లపు ఫాంటుకన్న సాధారణముగా పలురెట్లు పెద్దది. అక్షరములు కొంత సొంపుగా నుండవలెనని అట్టివానిని మూడు నాలుగు చేర్చుదురు. అవి వచ్చునంతవరకు కొన్ని పుటలలో వచనము వచ్చియు కనబడక తెల్లగా నిలుచును. ఫోనులో ఉన్న అక్షరములతోనే ముందు చూపి, సొగసైనవి వచ్చిన పిదప మార్చుటకు ఏర్పాటు లేకపోలేదు. చేయు శ్రద్ధ లేదు.

దూరమును తగ్గించు ఉపాయములును లేకపోలేదు. 1998లో అమెరికాలోని ఎం.ఐ.టి. గణితాచార్యుడు టామ్ లైటన్, అతని శిష్యుడు డేనియల్ లెవిన్ స్థాపించిన అకమై సంస్థ, పుటల ప్రతులను చదువరులకు సమీప నగరములందు ముందుగానే నిలువచేయు విధానమును వాడుకలోనికి తెచ్చెను. తరువాత మూడు సంవత్సరములకే, 2001 సెప్టెంబరు 11వ తేదీన హైజాకు చేయబడి న్యూయార్కులోని జంట సౌధములలో మొదటిదానిని ఢీకొనిన విమానములో ఉండి లెవిన్ మరణించెను. నాడు వార్తలకై జనులు లక్షల సంఖ్యలో వెబ్‌సైట్లమీద పడినపుడు కొన్నింటిని నిలబెట్టినది ఈ విధానమే. ఇట్టి నిలువలు నేడు ముంబాయి, చెన్నై, హైదరాబాదులలోను ఉన్నవి. కాని నిలువ ఎంత దగ్గర ఉన్నను నగరమువరకే అది దగ్గర. సెల్ టవరునుండి గ్రామములోని ఫోనువరకు పోవలసిన ఆ చివరి నాలుగు మైళ్లలోనే బలహీనమైన సిగ్నలు, మరల మరల పంపవలసిన ప్యాకెట్లు, నిద్రనుండి లేవవలసిన రేడియో అన్నియు కలవు.

వేగవంతమైన క్రొత్త వ్యవస్థలు వచ్చుచున్నవి, కావున ఈ బాధ తనంతట తొలగునని చెప్పువారు కలరు. 2016 పిదప 4జి చౌకగా విస్తరించినది. 2022 అక్టోబరు 1వ తేదీన 5జి ప్రారంభమైనది. వీనివలన మేలు కలుగలేదనుట అన్యాయము. పూర్వము బొమ్మయే తెరచుకొనని ఊళ్లలో నేడు వీడియోలు చూచుచున్నారు. కాని దారి వెడల్పైనపుడెల్ల పుటలును బరువెక్కినవి. ఇల్లు పెద్దదైనకొలది సామాను పెరుగుట సంసారులెల్లరకు తెలిసిన విషయమే. పైగా పుటలోని లిపులను నడుపవలసినది ఫోనే. ఖరీదైన ఫోనులో రెప్పపాటున ముగియు పని చౌక ఫోనులో సెకండ్లు పట్టును. నిర్మాత బల్లమీద ఉండునది మొదటిది. గ్రామమున నలుగురు పిల్లలకు కలిపి ఒకటిగా ఉండునది రెండవది.

వార్తలకును వినోదమునకును వచ్చువాడు విసిగిన మరొక చోటికి పోవచ్చును. పరీక్షాఫలితము, ఉపకారవేతనము, ప్రవేశ దరఖాస్తు, భూమి పత్రము వీనికై వచ్చువానికి మరొక చోటు లేదు. కావుననే ప్రభుత్వ కార్యాలయములును విద్యాసంస్థలును నిర్వహించు పుటలకు నియమము కఠినముగా ఉండవలెను. నాయకుల ఛాయాచిత్రములు, జారుడు బొమ్మలు, పరుగులెత్తు ప్రకటన పంక్తులు ఉండవలెనన్న ఉండవచ్చును. వచనము వచ్చిన పిదప రావలెను. దరఖాస్తు చేరినచో చేరినదని, చేరనిచో చేరలేదని స్పష్టమైన తెలుగులో చెప్పవలెను. రెండవమారు నొక్కినను రుసుము ఒక్కమారే తీసికొనవలెను. ఇవి యేవియు గొప్ప శాస్త్రము నపేక్షించునవి కావు.

2015లో ఫేస్‌బుక్ కంపెనీ తన ఉద్యోగులకు “2జి మంగళవారములు” అను నొక ఏర్పాటు చేసెను. ఇష్టపడినవారు ఆ దినమున ఒక గంటసేపు, భారతదేశము మొదలగుచోట్ల గ్రామీణులు వాడు మందగతి సంబంధముతో తమ సరకునే తాము చూడవచ్చును. వర్తకదృష్టితో చేసినదే యైనను బుద్ధిమంతమైన పని. దానికి కంపెనీయే కానక్కరలేదు. కంప్యూటరు గది గల ఉన్నత పాఠశాలలలో విద్యార్థులే చేయవచ్చును. క్రోము మొదలగు బ్రౌజరులలో పుటల నిర్మాతలకై ఉంచిన పనిముట్లయందు సంబంధమును కావలసినంత మందగింపజేయు మీట యొకటి కలదు. దానిని నొక్కి, తమ జిల్లా ప్రజలు తరచుగా తెరచు నాలుగైదు పుటలను వరుసగా తెరచి, మొదటి అక్షరము కనబడువరకు పట్టిన సెకండ్లను, వచ్చిపడిన కిలోబైట్లను, వానిలో చదువదగిన వచనమెంతయో నల్లబల్లపై మూడు గడులుగా వ్రాయవచ్చును. సగటు తీయక, అన్నింటికన్న ఆలస్యమైనదానిని ఎఱ్ఱసుద్దతో చుట్టవలెను. ఆ పట్టికను చక్కగా నకలు వ్రాసి ఆ పుటను నిర్వహించు కార్యాలయమునకు పంపవచ్చును. పోస్టులో పంపుటయే మేలు. రెండు మూడు దినములలో చేరును.